మా అత్తగారు దాచిన రెండు నెలలు

ఇక్కడే భిలాయిలో, స్మృతి నగర్‌లో ఉంటున్న మా మనవరాలికి రేపు మొదటి స్కానింగు. నీళ్ళు ఎన్ని తాగాలి, ఏ బట్టలు వేసుకోవాలి, లోపలి బొమ్మ ఫోనుకి పంపుతారా లేదా అని సగం హిందీలో సగం తెలుగులో అడుగుతూ, పొద్దుటి నుంచి అది మా ఇంటికొచ్చి గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూనే ఉంది. కాసేపు కూర్చోవే తల్లీ అని కసిరాను గానీ, నా కాళ్ళు మాత్రం ఊరుకున్నాయా? వంటింట్లోకీ వరండాలోకీ నేనూ తిరుగుతూనే ఉన్నాను. తొలిచూలంటే ఇంట్లో ఎవరికీ ఒక చోట కాలు నిలవదు, నా ఈడు వాళ్ళకి ఆ సంగతి వేరే చెప్పాలా.

మా రోజుల్లో స్కానింగు ఎక్కడిది! అరవైల్లో నేను విజయనగరం పక్క పల్లె నుంచి కాపురానికి వచ్చేనాటికి భిలాయి అంటే సగం ఎర్రమట్టి, సగం ఇనుము. మావారికి ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర షిఫ్టు డ్యూటీ, మాకు క్యాంప్ టూ అనే పేటలో రెండు గదుల ఇల్లు, ఆ రెండు గదులకీ మహారాణి మా అత్తగారు. ఆవిడ తొలి బిడ్డ కడుపులోనే ఏడో నెలలో పోయిందట. ఊళ్ళో కళ్ళన్నీ పడబట్టే అలా జరిగిందని ఆవిడ గట్టి నమ్మకం. అందుకని నాకు నెల తప్పింది మొదలు, ఎవరడిగినా రెండు నెలలు తగ్గించి చెప్పేది. మా వైపు ఆడవాళ్ళు దిష్టికి వేసే కంచె అది, మీ ఇళ్ళలోనూ వేసే ఉంటారు. పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ నా పొట్ట వంక ఎగాదిగా చూసి ముసిముసిగా నవ్వితే, కోడలికి ఒళ్ళు చేసిందని అత్తగారు తడుముకోకుండా జవాబిచ్చేది.

ఏడో నెలలో నన్ను మొదటిసారి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను బల్ల మీద కూర్చుంటే, వివరాలు చెప్పే కిటికీ దగ్గరకి అత్తగారే వెళ్ళి వచ్చింది. లోపల డాక్టరమ్మ నా పొట్ట చేత్తో కొలిచి, మళ్ళీ కొలిచి, మొహం చిట్లించి నర్సుతో ఏదో అంది. నాకు హిందీ అప్పటికి కూరగాయల బేరం వరకే వచ్చు. బయటికి వచ్చాక మావారు నసుగుతూ చెప్పారు, నెలలకి మించి కడుపు పెరిగిందట, కవలలో, ఉమ్మనీరు ఎక్కువైందో, బిడ్డలోనే ఏదైనా తేడా ఉందో తెలియాలంటే గురువారం ఎక్స్‌రే తీయాలట. నెలల లెక్క ఆడవాళ్ళ వ్యవహారమని ఆయన అందులో ఎప్పుడూ తల దూర్చలేదు.

గురువారం దాకా నేను నేనుగా లేను. తుడిచిన గదే మళ్ళీ తుడిచాను, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి పొంగించాను, పడుకుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు. నా బిడ్డకి ఏమైందో, అసలు బిడ్డేనా అని ఏవేవో పిచ్చి ఆలోచనలు. భయమెందుకు, మా ప్లాంటులో ఇలాంటి కిరణాలతోనే వెల్డింగు అతుకుల్లో పగుళ్ళు పట్టుకుంటారని మావారు ధైర్యం చెప్పబోయారు. అయ్యో రామా, అప్పటి నుంచి నా బిడ్డలో పగుళ్ళు వెతుకుతారన్న దిగులు కూడా తోడైంది. చిత్రమేమిటంటే, ఎప్పుడూ ఇల్లు ఎగరగొట్టే అత్తగారు ఆ రోజుల్లో కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది.

గురువారం ఎక్స్‌రే గదిలో నర్సు ఒంటి మీద లోహమన్నది ఉండకూడదంది. నా పుస్తెల తాడు పొట్ట దాకా వేలాడేది. అత్తగారు ముందే కొంగున ముడేసుకొచ్చిన పసుపుకొమ్ముని దారంతో నా మెడలో కట్టి, పుస్తెలు తీసి గుప్పిట్లో పెట్టుకుంది. నన్ను చల్లటి బల్ల మీద పడుకోబెట్టారు. తలుపు మూయబోతుంటే ఆవిడ ఆ గుప్పిటి వంక చూసుకుని, ఒక్క ఉదుటున లోపలికి దూసుకొచ్చింది.

"పాంచ్ నై అమ్మా, సాత్! ఏడో నెలమ్మా! దిష్టి తగుల్తాదని నానే దాసీసేను. తగిల్తే నాకు తగలనీ, నా కోడలి కడుపులోకి ఆ ఎలుగు ఎయ్యకండమ్మా!"

డాక్టరమ్మని పిలిపించారు. ఆవిడ హిందీలో అత్తగారిని కడిగి పారేసి, నా పొట్ట మళ్ళీ కొలిచి, ఏడో నెలకి సరిగ్గా సరిపోయిందంది. ఎక్స్‌రే అక్కర్లేదంది. నాకు ఏడుపు ఆగలేదు, కోపమో సంతోషమో నాకే తెలియదు. అప్పుడు డాక్టరమ్మ జేబులోంచి బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న చెక్క గొట్టం తీసి నా పొట్టకి ఆనించి చెవి పెట్టి విని, ఏమనుకుందో ఏమో, అత్తగారి మెడ పట్టుకు వంచి ఆవిడ చెవీ దానికి పెట్టించింది.

అత్తగారు కళ్ళు మూసుకుని వింది. కాసేపటికి "ఓలమ్మో, పరిగెడతందే! గుర్రంలాగ పరిగెడతందే!" అని పకపకా నవ్వుతూనే భోరుమంది.

నాకూ వినిపించమని అడిగాను. ఆ గొట్టం తల్లి చెవికి అందదని డాక్టరమ్మ నవ్వింది. నిజమే కదా, నా కడుపు దగ్గరకి నా చెవిని ఎలా తెచ్చుకోను?

ఆ బిడ్డే మా మనవరాలి తల్లి. రేపు మా మనవరాలు తన బిడ్డ గుండె చప్పుడు తన చెవులతోనే వింటుంది, మధ్యలో ఎవరి సాయమూ అక్కర్లేదు. నాకు అసూయ లేదంటే అబద్ధం. కానీ నేను ఎన్నిసార్లు అడిగినా, ముసలితనంలో మంచాన పడ్డాక కూడా విసుక్కోకుండా, అత్తగారు నా చేతిని దగ్గరికి లాక్కుని, దాని మీద రెండు వేళ్ళతో టకటకా కొట్టి ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పేది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇందాక నా చేతి మీద నేనే కొట్టుకుని చూసుకున్నాను, ఆ వేగం రావడం లేదు.