మిట్టమధ్యాహ్నం చింతచెట్ల మీద వాన

మా జువాలజీ మేడం ఇక లేరు. పోయిన నెల ఒక ఉదయం, మా మన్సూరాబాద్ కాలనీలోని తన ఇంట్లో నిద్రలోనే వెళ్లిపోయారని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. నాన్నకు ఆ మాట చెప్పాను. ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, "ఆవిడే లేకపోతే మన కాలనీలో ఆ చింతచెట్లు ఉండేవంటావా?" అన్నారు.

మాది గుడివాడ వైపు. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు నడిపేవారు. మేడం నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. నేను ఆమె దగ్గరే చదువుకున్నాను. మా ఇళ్లు ఒకే వీధిలో ఉండటంతో, కాలేజీ అయిపోయాక కూడా నా పాఠాలు అయిపోలేదు.

ఎండాకాలం రాగానే ఆమె ప్రహరీ గోడ మీద వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పెట్టేవారు. అందులో గులకరాళ్లు వేసేవారు, తేనెటీగలు మునిగిపోకుండా నిలబడి తాగడానికి. వేప పూత ఏటేటా ముందుకు జరుగుతోందని, పిచ్చుకలు పొద్దెక్కాక కనబడటం లేదని వీధిలో అందరికీ చెప్పేవారు. కరెంటు పోయి నేను విసుక్కుంటే నవ్వేవారు. "చెమట పడుతుందంటే నీ ఒళ్లు పని జేస్తున్నట్టే బిడ్డా. గా అదృష్టం అన్నిటికి లేదు."

ఆ మాటకు అర్థం నాకు తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఒక ఎండాకాలంలో తెలిసింది.

మా కాలనీ పార్కు వెనక రెండు పెద్ద చింతచెట్లున్నాయి. వాటినిండా పండ్లు తినే పెద్ద గబ్బిలాలు. పగలంతా తలకిందులుగా వేలాడి, చీకటి పడగానే కొత్తపేట పండ్ల మార్కెట్ మీదుగా ఎటో వెళ్లేవి. కంపు కొడుతున్నాయని, అశుభమని, రోగాలు తెస్తాయని ఆ చెట్లు కొట్టించాలనుకున్నారు కాలనీ పెద్దలు. వాళ్లలో మా నాన్న ముందున్నారు. మేడం ఒక్కరే వద్దన్నారు. అప్పటికే కాలనీలో మాటలు తగ్గిపోయాయి. మీటింగులో మావాళ్లు ఒకవైపు, తెలంగాణ వాళ్లు ఒకవైపు కూర్చునేవారు. చెట్ల గొడవ కూడా ఆ గొడవలో కలిసిపోయింది.

ఆ వారమంతా వడగాలి. ఒక బంద్ రోజు మధ్యాహ్నం మేడం మా గేటు కొట్టారు. "గబ్బిలాలు రాలుతున్నయ్. జర రా."

నేను వెళ్లేసరికి చెట్ల కింద పది పదిహేను పడి ఉన్నాయి. పైనున్నవి రెక్కలతో విసురుకుంటున్నాయి. కొన్ని రెక్కలను నాకి తడి చేసుకుంటున్నాయి. కొన్ని నీడ కోసం మాను మీదికి దిగి గుంపుగా అతుక్కుపోయాయి.

"వీటికి చెమట పట్టది. వేడి హద్దు దాటితే ఇగ వీటి తోని గాదు. పైనుంచి నీళ్లు వడాలె," అన్నారు మేడం.

కాలనీ బోరు ఎండిపోయి అప్పటికే చాలా రోజులైంది. మాకు రావలసిన నీళ్ల ట్యాంకర్ ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో దగ్గర ఆగిపోయిందని తెలిసింది. మేడం గొడుగు తీసుకుని నడక మొదలుపెట్టారు. వెనకే నేను.

చౌరస్తాలో టెంటు కింద కూర్చున్నవాళ్లలో ఆమె పాత విద్యార్థి ఒకడున్నాడు. మేడంను చూసి లేచి నిలబడ్డాడు. సంగతి విని తల అడ్డంగా ఊపాడు. "ఒక్క బండిని ఇడిస్తే అన్నిటిని ఇడవాలె మేడం. అయినా ఆ కాలనీల సగం మంది ఆంధ్రోళ్లే గద?"

నేను తల దించుకున్నాను. మేడం గొంతు పెంచలేదు.

"తెలంగాణ గావాలని నేను నీ కంటె ముందుగాల సంది అంటున్న. నీకెర్కనే. గిప్పుడు నేను అడిగేది చెట్టు మీదున్న పానాల కోసం. పిల్ల తల్లులు రాలిపోతున్నయ్. గవి యాడికి వోయి ధర్నా జెయ్యాలె, చెప్పు."

అతను పక్కవాళ్లతో ఏదో చెప్పి, తనే ట్యాంకర్ ఎక్కి డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. అతని వెంట మరో నలుగురు వచ్చారు.

ట్యాంకర్ హారన్ విని ఇళ్లల్లోంచి జనం బయటికొచ్చారు. ఒకరు మోటారు తెచ్చారు, ఒకరు పైపులు తెచ్చారు. మెడలో గులాబీ కండువాతో ఒక కుర్రాడు చెట్లను ఆనుకుని ఉన్న ఇంటి డాబా ఎక్కి పైపు అందుకున్నాడు. కింద నుంచి పైపు ఎత్తి అందించింది మా నాన్న.

"ధారగ గొట్టొద్దు సార్, బెదురుతయ్. చినుకు లెక్క పడాలె. కింద వడ్డదాన్ని చేత్తోని ముట్టొద్దు," అని మేడం ఎండలో తిరుగుతూ అందరికీ చెప్తున్నారు. నాన్న ఇంకో పైపు తీసుకుని, మూతి దగ్గర వేలు అదిమి పట్టి పైకి చూస్తూ ఉండిపోయారు. అంతలో ఆయన గొంతు వినపడింది. "మేడం గారూ, అదుగో చూడండి. సొమ్మసిల్లిపోతూ కూడా పిల్లని వదల్లేదండీ."

నీళ్లు తగ్గితే ఇళ్లల్లో దాచుకున్న బిందెలు వచ్చాయి. తాగే నీళ్లే. ఎవరూ వెనకాడలేదు. ఎండ వాలేసరికి రాలడం ఆగిపోయింది. చనిపోయినవి చనిపోయాయి. కానీ చెట్ల నిండా ఇంకా ప్రాణం ఉంది. చీకటి పడుతుండగా మొదట ఒకటి ఎగిరింది, తర్వాత పది, ఆ తర్వాత లెక్క తెలియలేదు. తడిసిన బట్టలతో అందరం చప్పట్లు కొట్టాం. చౌరస్తా నుంచి వచ్చిన కుర్రాళ్లకు మా అమ్మ పెసరట్లు వేసింది. ఆ తర్వాత చెట్లు కొట్టే మాట ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఎండాకాలానికి కొమ్మల్లోకి సన్నని పైపులు వేయించింది మా నాన్నే.

తెలంగాణ వచ్చింది. మేడం మనసారా సంబరపడ్డారు. ఆ రోజు మిఠాయి డబ్బాతో ముందుగా మా ఇంటికే వచ్చారు. "అన్నా, మీరు యాడికి వోరు గద?" అని నాన్నను అడిగారు. "ఎక్కడికి పోతామమ్మా, చెట్లకి నీళ్లెవరు పడతారు?" అన్నారాయన.

ఈ ఎండాకాలంలోనే, నడవలేని స్థితిలో ఉండి కూడా, ఒకసారి చింతచెట్ల దగ్గరికి తీసుకెళ్లమన్నారు. కారు నీడలో ఆపాను. కొమ్మల్లోంచి సన్నని తుంపర రాలుతోంది. మేడం అద్దం దించి చెయ్యి బయటపెట్టారు. కాస్త పైన ఒక తల్లి గబ్బిలం రెక్కలు విప్పి ఆ తడిని ఒంటికి పట్టించుకుంటోంది. ఆ రెక్క కింది నుంచి నక్కపిల్లలాంటి చిన్న ముఖం ఒకటి బయటికొచ్చి, నాలుక చాపి, ముక్కు మీది నీటిబొట్టును నాకింది.