పెంటయ్య గంజి గిన్నె

గంజి అమ్ముతానంటే కోరుట్లలో నవ్వనివాడు లేడు. నవ్వరా మరి! వార్చి బర్రెల కుడితిలో పోసేదాన్ని గ్లాసులో పోసి అమ్ముతానంటాడు పెంటయ్య. అందరికంటే ఎక్కువ మండిపడింది అతని భార్య బాలమ్మ.

"దుబాయిల పన్నెండేండ్లు వంట చేసి నేర్చుకున్నది గిదేనా? టిఫిన్ల బండి పెట్టు. మనం గంజి తాగి బతికినమని ఊరంతా డప్పు కొట్టాల్నా?"

ఆ మంట ఎక్కడిదో పెంటయ్యకు తెలుసు. చిన్నప్పుడు తనూ మల్లాపూర్‌లో జలపతి రావు దొర పెరటి గుమ్మం దగ్గర తల్లి వెంట ముంత పట్టుకుని నిలబడ్డవాడే. పనిమనిషి ముంత తనకు తగలకుండా గంజిని పైనుంచి పోసేది. చేతుల మీద చింది చుర్రుమనేది. చేయి కదిపితే ఆ పూటకు పస్తే.

పెద్దయ్యాక సిరిసిల్లలో నూలుకు గంజి పట్టించే పనిలో చేరాడు. గంజి ఉండ కడితే మగ్గం మీద పోగు తెగుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి, ఇంకెంతసేపు కాగాలో చెప్పడం అక్కడే అబ్బింది. ఆ వేళ్లతోనే దుబాయిలో కూలీల క్యాంపు వంటింటికి వెళ్లాడు. ఒక ఏడాది క్యాంపంతా జ్వరాలు. బిర్యానీ ముట్టే నాథుడు లేడు. పెంటయ్య నూకలు ఉడికించి, జీలకర్ర, ఉప్పు వేసి గంజి కాచాడు. కేరళవాడు 'కంజి' అంటూ తాగాడు. బంగ్లాదేశ్‌వాడు 'జావు' అన్నాడు, ఇండోనేషియావాడు 'బుబుర్' అన్నాడు. ఫిలిప్పీన్స్‌వాడు 'లుగావ్' అని కళ్లు తుడుచుకున్నాడు. అన్ని దేశాల తల్లులూ జ్వరమొచ్చిన బిడ్డకు కాచింది ఇదేనని తెలిశాక పెంటయ్య గంజిని చూసి సిగ్గుపడటం మానేశాడు.

"నెల రోజులు చూడు. ఒక్కనాడన్నా గిన్నె అడుగు కనబడకపోతే నువ్వన్నట్టే టిఫిన్లు పెడుత" అని భార్యతో పందెం కట్టాడు.

ఆస్పత్రుల వీధిలో 'గంజి' అని బోర్డు కట్టి బండి పెట్టాడు. బాలమ్మ కొంగు ముఖానికి అడ్డం వేసుకుని బండి వెనక కూర్చునేది. ఇరవై తొమ్మిది రోజులు సగం గిన్నె ఇంటికే తిరిగొచ్చింది. జనం బోర్డు చదివి ఇడ్లీ బండి దగ్గరికి పోయేవారు. గంజి మాటెత్తితే పాత రోజులు గుర్తొచ్చి తల తిప్పుకునేవాళ్లకే గంజి అమ్మబోయాడు మా మొండి పెంటయ్య!

ఆ తప్పు కనిపెట్టింది మళ్లీ బాలమ్మే. ముప్పయ్యో రోజు పొద్దున సుద్దముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మనోళ్లకు నామోషీ. గీ దవాఖాన్లల్ల కేరళ నర్సులు లేరా? రైసుమిల్లులల్ల బెంగాలోళ్లు లేరా? నీ క్యాంపోళ్లు ఏమేమన్నరో అన్ని పేర్లు రాయి."

"పందెం ఓడిపోతవే!"

"రాయమన్న గద!"

బోర్డు మీద 'గంజి' కింద మిగతా పేర్లన్నీ తెలుగులోనూ, క్యాంపులో నేర్చిన వంకర ఇంగ్లీషులోనూ రాశాడు. మొదట ఒక కేరళ నర్సు ఆగింది. ఒక గుక్క తాగి, ఫోన్ చేసి ఇంకో నలుగురిని పిలిచింది. మిల్లు హమాలీలు "జావు, జావు" అంటూ గుంపుగా వచ్చారు. సెలవు మీద ఊరికొచ్చిన దుబాయి డ్రైవరొకడు 'లుగావ్' చూసి బైకు ఆపేశాడు. ఆ సందడి చూసి ఇడ్లీ బండి దగ్గరున్న మనవాళ్లూ గ్లాసులు చాచారు. మధ్యాహ్నానికి గిన్నెలో ఒక్క గ్లాసెడు మిగిలింది.

అప్పుడే కారు ఆగింది. దిగింది ఇందిరాదేవి, జలపతి రావు భార్య.

"పెంటయ్యా, సారుకు ఆపరేషనైంది. మూడు దినాలాయె, ఏం ముట్టుతలేడు. గంజైతే తాగుతనంటుండు. ఉన్నదా?"

ఆమె రెండు చేతులా ఫ్లాస్కు పట్టుకుని నిలబడింది. పెంటయ్య గరిటెను ఫ్లాస్కు అంచుకు ఆనించి, ఆమె చేతుల మీద చుక్క పడకుండా నెమ్మదిగా పోశాడు. అందరి దగ్గర తీసుకున్నట్టే ఆమె దగ్గరా పైసలు తీసుకున్నాడు.

బాలమ్మ గిన్నె వంచి చూసింది. అడుగు తళతళలాడుతోంది. ముఖం మీది కొంగు తీసి నడుముకు దోపుకుని, వీధి మధ్యకొచ్చి గొంతెత్తింది:

"గంజి అయిపోయింది! రేపు పొద్దుగాల్ల రాండ్రి, గంజి!"