క్లబ్‌హౌస్ ముందు బాసెల్ స్టేషన్

పద్మనాభంగారు రిహార్సల్ లేకుండా తుమ్ము కూడా తుమ్మరు. ఇది నేను కల్పించిన మాట కాదు, ఆయన భార్య దమయంతిగారు పదిమందిలో అన్నది. ఇంటికి ప్లంబర్ వస్తున్నాడంటే ముందురోజు సాయంత్రం ఆవిడ వీధిలోకి వెళ్లి బెల్ కొట్టాలి. ఈయన తలుపు తీసి, "ప్లీజ్ కమిన్, ప్రాబ్లం అప్‌స్టెయిర్స్‌లో" అని మెట్ల వైపు చెయ్యి చూపించాలి. ఒకసారి ఆవిడకు చిరాకేసి, "నాకింకో ఇంట్లో పనుంది, రేపొస్తా" అని నడుచుకుంటూ మా ఇంటికొచ్చి కాఫీ తాగింది. వెనకాలే ఈయనొచ్చి, "అలాక్కూడా జరగొచ్చు, మంచి పాయింట్" అని నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

అమెరికాలో క్యారీ అనే ఊళ్లో వాళ్ల ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. ఆయనకు ఊరవతల రీసెర్చ్ పార్కులో, ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. మేం ఆ వీధిలోకి వచ్చింది 2009లో. వచ్చిన వారానికే మమ్మల్ని భోజనానికి పిలిచారు. శనివారం భోజనానికి శుక్రవారం ఫోన్ చేసి, "శ్యామ్, ఒక్కసారి వచ్చి కూర్చుని వెళ్లండి, కుర్చీలు సరిపోతాయో లేదో చూడాలి" అన్నారు. వెళ్లి, ఖాళీ కంచాల ముందు పది నిమిషాలు కూర్చుని వచ్చాం.

అలాంటి మనిషి 2012 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా ఇంట్లో ఉప్మా తింటూ, "జూన్‌లో వారం రోజులు యూరప్ వెళ్దాం. హైడెల్‌బర్గ్, ఫ్రైబుర్గ్, బాసెల్‌లో రైలు మారి లూసర్న్. మీరూ మేమూ. కారు వద్దు, అన్నీ రైళ్లే" అన్నారు.

మా ఆవిడ రాధారాణి ముఖం వెలిగి, అంతలోనే వాడిపోయింది. "నాన్నగారు రారండీ. ఆయన్ని ఒక్కర్నీ వదిలి మేమెలా వస్తాం" అంది.

మా మామగారు లక్ష్మీపతిగారు ముప్పై ఏళ్లు తాడేపల్లిగూడెం బస్టాండులో కంట్రోలర్‌గా పనిచేశారు. ఏ బస్సు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేవారట. రెండేళ్ల కిందట రాధారాణి ఆయన్ని ఇండియా నుంచి తీసుకొస్తుంటే, అట్లాంటా ఎయిర్‌పోర్టులో గేట్ల మధ్య తిరిగే రైలు ఎక్కాల్సి వచ్చింది. తను ముందు ఎక్కింది. ఆయన సంచి సర్దుకునేలోపు బీప్ బీప్ మంటూ తలుపులు మూసుకున్నాయి. తండ్రీ కూతుళ్లు మళ్లీ కలుసుకోవడానికి మూడు గంటలు పట్టింది. ఇక ఆయన అప్పట్నుంచీ ఇంటి ముందున్న మెయిల్‌బాక్స్ దాటలేదు. గుడికి రమ్మన్నా, షాపుకి రమ్మన్నా, "మీరెళ్లి రండి, నేను ఇల్లు చూసుకుంటా" అనేవారు. ఆ రెండేళ్లూ మా ఇల్లు చాలా భద్రంగా ఉంది.

"ఆయన్ని రమ్మని నేనడగలేదే" అన్నారు పద్మనాభంగారు, ఉప్మా మీద పచ్చడి వేసుకుంటూ. "రిహార్సల్స్ మాత్రం శనివారం నుంచి. క్లబ్‌హౌస్ పార్కింగ్ లాట్‌లో, తొమ్మిదింటికి."

మా కాలనీ క్లబ్‌హౌస్ మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. శనివారం వెళ్లేసరికి నేల మీద సుద్దముక్కతో ఆరు ప్లాట్‌ఫారాలు గీసి ఉన్నాయి. నాలుగో ప్లాట్‌ఫారం మీద ఆయన మినీవ్యాన్ ఉంది. అదే ఫ్రైబుర్గ్ నుంచి వచ్చిన రైలు. మా వ్యాన్ లూసర్న్ వెళ్లే రైలు. పెట్టెలతో దాన్లోంచి దిగి దీన్లోకి ఎక్కడానికి ఏడు నిమిషాలు. పెట్టెల బరువు నిజంగా ఉండాలని వాటిలో బియ్యం బస్తాలు పెట్టించారు.

మొదటి శనివారం మాకు పదకొండు నిమిషాలు పట్టింది. రెండో శనివారం దమయంతిగారు, రాధారాణి ఒకే తలుపులో ఒకేసారి ఇరుక్కున్నారు. కుక్కను తిప్పుతున్న ఒక అమెరికన్ పెద్దాయన ఆగి, మేం ఇల్లు ఖాళీ చేస్తున్నామనుకుని సాయం చేయబోయాడు. పద్మనాభంగారు ఆయన్ని వెంటనే టికెట్ కలెక్టర్‌గా నియమించారు.

మూడో శనివారం మేం నలుగురం పెట్టెలతో తలుపు దగ్గర తోసుకుంటుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఇది రైలా, సంతా?"

తిరిగి చూస్తే మామగారు. మంకీ క్యాప్, స్వెటర్, కాళ్లకి ఇంట్లో చెప్పులు. రోడ్డు దాటి వచ్చేశారు. రాధారాణి చేతిలో పెట్టె జారి నా కాలి మీద పడింది. నేను అరవలేదు, అరిస్తే ఆయన వెనక్కి వెళ్లిపోతారేమోనని.

"రైలేనండీ. బాసెల్" అన్నారు పద్మనాభంగారు, ఏమీ వింత జరగనట్టు.

"దిగేవాళ్లు దిగకుండా ఎక్కేవాళ్లు ఎక్కుతారా ఎక్కడైనా? ముందు మనిషి ఎక్కాలి, తర్వాత సామాను అందుకోవాలి. కిటికీలోంచి మూడు వారాలుగా చూస్తున్నా, కడుపు తరుక్కుపోతోంది."

"నాకు ప్లాన్ రాయడం వచ్చుగానీ మనుషుల్ని ఎక్కించడం రాదండీ. వచ్చే శనివారం కూడా వస్తారా?"

మామగారు వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయారు. కానీ మరుసటి శనివారం తొమ్మిదికి పది నిమిషాల ముందే, బూట్లు వేసుకుని, రోడ్డు దాటి క్లబ్‌హౌస్ దగ్గర ఉన్నారు.

ఆ రోజు వ్యాన్ తలుపు బీప్ బీప్ మంటూ మూసుకోబోతే ఆయన చటుక్కున రెండడుగులు వెనక్కి వేసి పక్కనున్న కారుని పట్టుకున్నారు. పద్మనాభంగారు ఆ వైపు చూడనే లేదు. నోట్‌బుక్‌లో ఏదో వెతుక్కుంటూ తాళం చెవి ఆయన చేతిలో పెట్టేశారు. "ఈ తలుపు బటన్ మీ దగ్గరుంచండి. నేను కంగారులో నొక్కేస్తున్నాను."

ఇక ఆ తలుపు ఆయన అనుమతి లేకుండా మూసుకోలేదు. ఏప్రిల్ నెలకల్లా, "లూసర్న్, లూసర్న్, లూసర్న్, బండి కదులుతోంది, త్వరగా రావాలి" అని తాడేపల్లిగూడెం గొంతుతో కేకేసి మరీ బటన్ నొక్కేవారు. మా టైము పదకొండు నిమిషాల నుంచి నాలుగుకి దిగింది.

తర్వాత పద్మనాభంగారు 'తప్పిపోయే సీను' పెట్టారు. తప్పిపోయేది ఎప్పుడూ ఆయనే. మమ్మల్నెవర్నీ ఆ వేషం వేయనివ్వలేదు. మామగారు ఆయనకి ఓపిగ్గా చెప్పేవారు. "తర్వాతి రైలెక్కండి. తర్వాతి స్టేషన్లో దిగండి. బల్ల మీద కూర్చోండి. మేమే వస్తాం. అర్థమైందా?"

"అర్థమైందండీ" అనేవారు ఈయన. పది నిమిషాల తర్వాత స్విమ్మింగ్ పూల్ వెనక, పూల్ రూల్స్ బోర్డు శ్రద్ధగా చదువుతూ దొరికేవారు.

"ఇంజనీరింగ్‌లో గోల్డ్ మెడలన్నారు" అని మామగారు నా చెవిలో విచారంగా అన్నారు. "చదువుకి, దీనికి సంబంధం లేదు బాబూ. ఎవరైనా తప్పిపోతారు."

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

లూసర్న్ దగ్గర ఎక్కబోయే మంచు కొండ మీద చలికి అలవాటు పడాలని ఒక రోజు పద్మనాభంగారు మమ్మల్నందర్నీ హోల్‌సేల్ షాపుకి తీసుకెళ్లి, కూరగాయలుంచే చల్లటి గదిలో కోట్లతో ఇరవై నిమిషాలు నిలబెట్టారు. టైము చూడ్డానికి మనిషి కావాలి కాబట్టి మామగారు కూడా కారెక్కారు. రెండేళ్ల తర్వాత కారెక్కడం. షాపులో పనిచేసే అమ్మాయి వచ్చి, ఏమైనా వెతుకుతున్నారా అని అడిగింది. "నథింగ్, వుయ్ ఆర్ ఇన్ స్విట్జర్లాండ్ టిల్ టెన్ థర్టీ" అన్నారు పద్మనాభంగారు. ఆ అమ్మాయి "ఎంజాయ్" అని, పాలకూర తీసుకుని వెళ్లిపోయింది.

ఆ వారమే రాత్రి భోజనాల దగ్గర మామగారు పెరుగన్నం కలుపుకుంటూ, "నాక్కూడా టికెట్ తీయండి" అన్నారు.

రాధారాణి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నిజంగానా నాన్నా?"

"ఏం చేయమంటావ్? ఆయన్ని నమ్మి నిన్ను పంపలేను. ఆ మనిషి ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు దాటడు."

జూన్‌లో వెళ్లాం. బాసెల్‌లో నాలుగు నిమిషాల్లో రైలు మారాం. మిగిలిన మూడు నిమిషాలు ఏం చేయాలో రిహార్సల్ లేనందువల్ల అందరం సీట్లలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. ఆ స్టేషన్లో మేమంతా బోర్డులు చూస్తూ పరిగెత్తాం. పద్మనాభంగారు ఒక్క బోర్డు కూడా చూడలేదు. మధ్యలో ఒక కాఫీ కొట్టు ముసలాయన ఈయన్ని చూసి చెయ్యి కూడా ఊపాడు.

దమయంతిగారి పక్కన కూర్చుని మెల్లగా అడిగాను.

"ఈయన ఎనిమిది నెలలు ఈ ఊళ్లోనే ఉన్నారు. 2006లో, ఆఫీసు పని మీద. ప్రతి శుక్రవారం ఇక్కడే రైలెక్కి లూసర్న్ వెళ్లేవారు. మీరప్పటికి మన వీధికి రాలేదుగా" అంది ఆవిడ.

"మరి రిహార్సలెందుకండీ, నాలుగు నెలలు?"

"నేనూ అదే అడిగా. మన డ్రైవ్‌వే ఉండగా క్లబ్‌హౌస్ దాకా పెట్టెలు మోయడం దేనికని. మీ మామగారి కిటికీలోంచి కనబడే చోటు అదొక్కటేనట." ఆవిడ నవ్వింది. "ఆయనకి చెప్పకండేం. ఇప్పటికీ మా ఆయన్ని చేయి పట్టుకుని నడిపిస్తున్నారు పాపం."

నిజమే. ఎదురు సీట్లో మామగారు, "కిందటి స్టేషన్ పేరేంటి? చూశారా, మర్చిపోయారు" అని పద్మనాభంగారిని మందలిస్తున్నారు. ఆయన తలొంచుకుని రాసుకుంటున్నారు.

ఆరో రోజు లూసర్న్ నుంచి బోటులో వెగ్గిస్ అనే చిన్న ఊరికి వెళ్లాం. తిరుగు బోటు రాగానే అందరం లేచాం. మామగారు లేవలేదు. సరస్సు వైపు చూస్తూ, "మీరు పదండి. నేను తర్వాతి బోటుకి వస్తా" అన్నారు.

పద్మనాభంగారు గబగబా నోట్‌బుక్ తిరగేశారు. ఆ పేజీ లేదు. రాధారాణి తండ్రి ముఖంలోకి చూసి, "సరే నాన్నా" అంది.

లూసర్న్ రేవులో ఆ గంటసేపూ పద్మనాభంగారు కూర్చోలేదు. "టికెట్ ఆయన దగ్గరే ఉందిగా? ఫోన్ చార్జింగ్ ఉందా?" అని నన్ను తొమ్మిదిసార్లు అడిగారు. బోటు వచ్చింది. ఒక స్కూలు పిల్లల గుంపు దిగింది, సైకిళ్లు దిగాయి. చివరికి మంకీ క్యాప్ కనబడింది. మామగారు చేతిలో ఐస్‌క్రీముతో, తొందరేమీ లేకుండా చెక్కవంతెన దాటి వచ్చారు.

"ఈ సీను మనం వేయలేదు కదండీ" అన్నారు పద్మనాభంగారు, నుదురు తుడుచుకుంటూ.

"నేను వేసుకున్నా. రెండేళ్లుగా రోజూ, మనసులో" అన్నారు మామగారు. "ఒక్కణ్నే రైలెక్కడం వరకూ వచ్చేది. దిగడం దగ్గరే ఆగిపోయేది. మీరు నన్ను దింపడానికే అన్నిసార్లు తప్పిపోయారని నాకు తెలీదనుకున్నారా?"

పద్మనాభంగారు నోట్‌బుక్ తెరిచి మూశారు. సిద్ధం చేసుకోని మాటలు ఆయనకి రావు. మామగారే ఆయన భుజం మీద చెయ్యేసి, "ఆకలేస్తోంది, పదండి" అని ముందుకి నడిచారు. దారి ఆయనే చూపించారు. తప్పు వీధిలోకి తీసుకెళ్లారు. అది అప్పటికే తెలిసిన ఒకే ఒక్క మనిషి, ఏమీ అనకుండా, ఆయన పక్కనే నడిచారు.