తామూ కూతురి ఉపవాసాలు

మొరాకోలోని ఫెస్ పాతబస్తీలో తామూ నోటికి జడవనివాళ్ళు తక్కువ. మొగుడు పోయాక జెల్లాబాలనే పొడుగు అంగీలకు పట్టు గుండీలు అల్లి కూతుర్ని సాకింది. సూదులు గుచ్చుకుని వేళ్ళు మొద్దుబారాయి. గిజ్లాన్‌కు ఈ గతి పట్టకూడదు, బడి చదువు ముగించే బకాలొరియా పరీక్ష గట్టెక్కాలి. తామూ ప్రాణమంతా అందులోనే ఉంది.

గిజ్లాన్ మొదట్లో ఇల్లు పీకి పందిరేసే పిల్ల. రొట్టెలు కాల్పించుకు రమ్మని వీధి బట్టీకి పంపితే, స్నేహితురాళ్ళతో ఇకఇకలాడి గంటన్నరకు గానీ వచ్చేది కాదు. తామూ తిట్టని రోజు లేదు.

కరోనా వచ్చి ఊరు మూసేశారు. మూడు నెలలకు మళ్ళీ తెరిచారు, గిజ్లాన్ మాత్రం గడప దాటలేదు. చదువు బడిలోనా, ఇంటి నుంచా అని కాగితం వస్తే ఇంటి నుంచే అని రాసింది. తామూ సంతోషంగా సంతకం పెట్టింది. పిల్ల తలెత్తదు, గొంతు పెంచదు. ఆ సందులో ఆడపిల్లకు అంతకు మించిన మంచి పేరు లేదు మరి! అన్నం వద్దంటే పుణ్యం కోరి సోమ, గురువారాల ఉపవాసాలు పట్టిందనుకుని తామూ ఇరుగుపొరుగుకి చెప్పుకుని మురిసింది. పక్కింటి హజ్జా రుకియా తన మేనల్లుడికి సంబంధం కూడా అడిగింది. "నీ కూతురు మేలిమి బంగారం తామూ. మా పిల్లలు మేడెక్కితే దిగరు, ఫోను పట్టుకుంటే వదలరు" అంది. పరీక్ష అయ్యాకే ఆ మాట అని తామూ బిగుసుకుంది.

మరుసటి ఏడు జూన్‌లో పరీక్ష రోజు వచ్చింది. బడి గేటు ముందు మాస్కుల పిల్లలు వందలమంది. గిజ్లాన్ పది అడుగుల దూరంలో ఆగిపోయింది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. తామూ బుజ్జగించింది, బతిమాలింది, కసిరింది. కాపలావాడు రెండుసార్లు పిలిచి గేటు మూసేశాడు.

గోడకు చేరగిలబడిన కూతుర్ని చూస్తే తామూకి కడుపు మండింది.

"అన్ని ఉపవాసాలు ఉన్నదానివి, దేవుడి మీద భారం వేసి ఒక్క అడుగు వెయ్యలేకపోయావా?"

"ఉపవాసాలు కాదమ్మా. ముద్ద దిగక మానేశాను. నువ్వు అందరికీ గొప్పగా చెబుతుంటే కాదనలేకపోయాను."

ముట్టని కంచాన్ని ఎన్నిసార్లు తన చేత్తో తీసిందో, తీసిన ప్రతిసారీ దేవుడు ఆ ఉపవాసాన్ని స్వీకరించాలని ఎలా దీవించిందో తలుచుకుని తామూ కుమిలిపోయింది. మెల్లగా కూతురి పక్కన నేలమీద కూలబడింది.

"ఎన్నాళ్ళ నుంచే తల్లీ ఇలా?"

"గుర్తులేదమ్మా" అంది గిజ్లాన్.