పెర్సిస్ వేసిన అగ్గితెగులు

మా ఆడపడుచు పెర్సిస్‌ని ఏం పని చేస్తావమ్మా అనడిగితే "రోగాల బొమ్మలు వేస్తాను" అంటుంది. మా ఫరీదాబాద్ చర్చిలో ఆంటీలు అది విని నా వైపు జాలిగా చూస్తారు. నేను నర్సుని, రోగాలు నాకు కొత్త కాదు. కాకపోతే నా రోగులు హాస్పిటల్లో ఉంటారు. దాని రోగులేమో నా ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన, తడిగుడ్డ చుట్టిన టిఫిన్ డబ్బాలో ఉంటారు.

"తెంపిన వరి ఆకు చూస్తుండగానే చుట్టుకుపోతుంది వదినా. ముందు రంగు పట్టుకోవాలి, గీత తర్వాతైనా గీసుకోవచ్చు" అని నాకే పాఠం చెబుతుంది. నోరు గట్టిది, చెయ్యి ఇంకా గట్టిది.

అది పనిచేసేది ఢిల్లీలో పైర్ల తెగుళ్ళ ఆఫీసులో. కలర్ ఫోటోలు లేని రోజుల్లో ఏ తెగులు ఎలా ఉంటుందో చూపించడానికి ఆర్టిస్టులు వేసిన బొమ్మలు అక్కడ బీరువా నిండా ఉన్నాయి. ఆ వరసలో ఇప్పుడు మిగిలింది పెర్సిస్ ఒక్కతే.

ఈ ఏడు రైతుల కోసం వరి తెగుళ్ళ పుస్తకం వేస్తున్నారు. పెద్ద సైంటిస్టు ఇంద్రాణి మేడమ్ ఉన్నమాట చెప్పేసింది. "ఫోటోలతో పని జరిగితే ఆర్టిస్టు పోస్టు ఎందుకని పైవాళ్ళు అడుగుతున్నారు పెర్సిస్."

"రైతుల్నే అడుగుదాం మేడమ్. వాళ్ళకి ఏది పనికొస్తే అదే వేయండి" అని పందెం కాసినట్టు చెప్పి వచ్చింది మా పిల్ల.

ముందుగా, వరిని నిప్పులా మాడ్చేసే అగ్గితెగులు వేసింది. బీరువాలో పెద్దలు వేసినట్టే అన్ని దశలూ ఒక్క ఆకు మీదే. కొసన సూదిమొనంత చుక్క, నడుమ బూడిదరంగు కంటి మచ్చలు, కింద మాడిన భాగం. గోడకి తగిలించుకునేలా ఉంది. బల్లభ్‌గఢ్ వైపు రైతులకి చూపిస్తే, దశరథ్ అనే పెద్దాయన తిప్పితిప్పి చూసి ఇచ్చేశాడు.

"అచ్ఛా హై బేటీ. కానీ ఇలాంటి ఆకు నా పొలంలో నేనెప్పుడూ చూడలేదు."

బొమ్మతో పాటు చూపించిన మాడిన ఆకు ఫోటోని మాత్రం అందరూ ఇట్టే గుర్తుపట్టారు. ఆ పూట పెర్సిస్ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏడిస్తే తెగులు పోతుందా? ఆ పెద్దలు సైంటిస్టుల కోసం వేశారు. నువ్వు ఎవరికోసం వేస్తున్నావే?"

ముక్కు తుడుచుకుని కంచం దగ్గరికి లాక్కుంది. "మాడిన ఆకు వాళ్ళకి తెలుసు వదినా. మాడాక తెలిసి లాభమేముంది? మొదటి చుక్క చూపించాలి" అంది.

మర్నాడే దశరథ్ పొలానికి వెళ్ళి, ఆయన ఆకుల్ని ఎలా చూస్తాడో వెనకే నడిచి చూసింది. ఈసారి మూడు ఆకులు విడివిడిగా వేసింది. మొదటిది పచ్చగా, ఒకే ఒక్క చుక్కతో ఉంది.

"ఇందులో తెగులేది?" అంది మేడమ్.

"మనమంతా అలాగే అనుకుని వదిలేస్తాం మేడమ్."

పెర్సిస్ ఇచ్చిన ఆ బొమ్మ కాపీని దశరథ్ తన పంపు షెడ్డులో అంటించుకున్నాడు. ఒక పొద్దున నేను ఉప్మా కలుపుతుంటే ఫోన్ వచ్చింది. "బేటీ, నీ మొదటి ఆకు నా పొలంలో దొరికింది."

ఆఫీసువాళ్ళు వెళ్ళి పరీక్ష చేస్తే అగ్గితెగులే. వెంటనే మందు కొట్టించారు. మొదటి చుక్కని పట్టించుకోని చుట్టుపక్కల చేలు నిప్పంటుకున్నట్టు మాడాయి, దశరథ్ చేను పచ్చగా నిలబడింది. మేడమ్ స్వయంగా గట్టు మీద నిలబడి చూసి, అక్కడినుంచే ఫోన్ చేసింది. పుస్తకం మొత్తం పెర్సిస్ బొమ్మలే, పోస్టుకి ఢోకా లేదు. వీధంతా వినబడేలా ఈల వేసింది మా పిల్ల. నాకైతే ఆ పిల్లని ఎత్తుకు తిరగాలనిపించింది.

చేను ఈని కంకులు బయటికొచ్చినప్పుడు దశరథ్ మమ్మల్ని పిలిచాడు. నడుం లోతు బాస్మతిలో దిగి పెర్సిస్ ఒక్కో ఆకూ తిప్పి చూస్తోంది.

"ఇంకా ఏం తెగులే తల్లీ?"

"తెగులు కాదు వదినా. పుస్తకం మొదటి పేజీకి మంచి ఆకు కావాలి. ఇన్నేళ్ళలో రోగం లేని ఆకు ఒక్కటీ వేయలేదు నేను."