మగ్గం గుంటలో చెప్పులు

మా బాపు నేసిన చీరలో తప్పు దొరకదని మోత్కూరు చుట్టుపక్కల అందరూ అనేవారు. ఆ మాట అందరికంటే ఎక్కువగా నమ్మింది మా బాపే. అందుకే ఆ ఎండాకాలం ఆయన చీరలో అక్కడక్కడ పోగులు తప్పడం చూసి నాకు మొదట నవ్వొచ్చింది. రెండో చీరలోనూ తప్పేసరికి కోపం వచ్చింది. నూలు ఇచ్చి చీరలు తీసుకునే సేటు ఆ చీరను మడత కూడా పెట్టకుండా నా చేతిలో పెట్టాడు.

నేను బట్టలు కుడతాను. ముందు వసారాలో నా రెండు కుట్టుమిషన్లు, లోపలి గదిలో బాపు గుంట మగ్గం. నేలలో తవ్విన గుంట అంచున కూర్చుని, అందులో ఉన్న రెండు తొక్కుడు కర్రలను ఒకసారి ఎడమకాలితో, ఒకసారి కుడికాలితో తొక్కుతూ నేయాలి. ఎడమది తొక్కితే సగం పోగులు లేస్తాయి, కుడిది తొక్కితే మిగతా సగం. ఆ సందులోంచి అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. నడక రాకముందే ఆ చప్పుడు విన్నదాన్ని. ఇవన్నీ తెలిసిన నేను, చీరను చూసి చెప్పిందేమిటంటే, బాపు కండ్లు పోయాయని.

మా వాళ్లలో అదొక అలవాటు. నేతలో తప్పు పడితే చాలు, చూపు తగ్గిందనేస్తాం. తిరుమలగిరి తీసుకెళ్లి అద్దాలు ఇప్పించాను. బాపు మారుమాట లేకుండా వచ్చి, గోడ మీది అక్షరాలన్నీ గడగడా చదివి, అద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ అద్దాలతో నేసిన చీరలోనూ పోగులు తప్పాయి.

"ఫోన్ల ఈడియోలు చూసుకుంట నేస్తున్నవా బాపూ? ధ్యానం ఏడ పెట్టినవ్?" అని ఎగిరిపడ్డాను.

 నాడెలోకి నూలు కండెలు చుడుతున్న అమ్మ, "జర నోరు అదుపుల పెట్టుకో బిడ్డా, నీతోని పాఠం జెప్పిచ్చుకునే వయసు గాదు ఆయనది," అంది.

నాకింకో సంగతి కూడా మనసులో ఉంది, దాచను. మగ్గం తీసేసి, గుంట పూడ్పించి, కింద టైల్స్ వేయిస్తే ఆ గదిలో ఇంకో మూడు మిషన్లు పడతాయి. అద్దాలకు పోకముందే మేస్త్రితో ఫోన్లో గది కొలతలు చెప్పేశాను. రెండు టైల్స్ నమూనాకి తెచ్చి ఆ గది గోడకే ఆనించాను.

ఒకరోజు పొద్దున బాపు నూలు కోసం సేటు దగ్గరికి పోయాడు. తప్పిన పోగులు సరిచేద్దామని నేను మగ్గం దగ్గర కూర్చున్నాను. కత్తెర జారి గుంటలో పడింది. తీద్దామని దిగాను.

ఎడమ తొక్కుడు కర్రకు పాత తువ్వాలు నాలుగు మడతలుగా చుట్టి, సుతిలి తాడుతో బిగించి ఉంది. కుడి కర్రకు ఏమీ లేదు. గుంట గోడకున్న చిన్న గూట్లో నూనె సీసా, దాని వెనక రబ్బరు బ్యాండు వేసిన కట్ట. లాగి చూశాను. నొప్పి గోళీల అట్టలు. అన్నీ ఖాళీవి. పిడికిట్లో పట్టనన్ని ఉన్నాయి.

  గుంటలోంచే తలెత్తి చీర వైపు మళ్లీ చూశాను. పోగులు తప్పింది వరస విడిచి వరసలో. అంటే ఎడమకాలు తొక్కిన వరసల్లో మాత్రమే. కండ్ల తప్పయితే ఎక్కడ పడితే అక్కడ ఉండాలి కదా! నేతగాని బిడ్డను, చీర అంత స్పష్టంగా చెబుతుంటే చదవలేకపోయాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని.

బాపు రాగానే అడిగాను. "కాలు చూపియ్యి."

"ఏం గాలే బిడ్డా."

"చూపియ్యి బాపూ."

ఎడమ బొటనవేలి మొదట్లో కీలు ఉబ్బి, ఎముక బుడిపెలా పొడుచుకొచ్చింది. వేలిని పైకి వంచబోతే బాపు పళ్లు కొరుక్కున్నాడు. ఒకే ఇంట్లో తిరుగుతున్నాం. ఆయన పాదం అంచు మీద నడుస్తున్నాడని నాకు ఆ రోజు దాకా తెలియదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఎన్ని దినాలసంది?"

"రెండేండ్లాయె గావచ్చు. ఇది మన నీళ్ల రోగమే గద. నల్లా నీళ్లు ఇప్పుడొచ్చినయ్ గని, చిన్నప్పటిసంది తాగింది ఆ బోరు నీళ్లేనాయె. దానికి మందేడిది?"

మా నల్లగొండ వైపు ఏ కీలు పట్టేసినా ఫ్లోరైడు నీళ్ల మీదికే నెడతాం. మర్నాడే నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించింది. "ఇది నీళ్లతో వచ్చింది కాదు పెద్దాయనా. బొటనవేలి కీలులో ఉండే మెత్తని పొర అరిగిపోయింది. ఎముకకు ఎముక రాసుకుంటోంది. ఇన్నేళ్లు ఆ వేలి మీదే బరువు పెట్టి తొక్కారు కదా. అరిగింది తిరిగి రాదు, కానీ నొప్పి తగ్గించుకోవచ్చు."

గోళీల అట్టలు బల్ల మీద పెట్టాను. ఆమె ముఖం మారిపోయింది. "ఇవి రోజూ మింగారా? కిడ్నీలు పోయేవి!" రక్తపరీక్ష కాగితం వచ్చేదాకా నేను బెంచీ మీద కూర్చోలేకపోయాను. కిడ్నీలకు ఇంకా ఏమీ కాలేదు. గోళీలు ఇక అడగకుండా వేసుకోవద్దంది. అరగంటకోసారి లేవాలి, సాయంత్రం గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టాలి, ఇంట్లో కూడా వట్టి కాళ్లతో నడవొద్దు. వేలు వంగకుండా కాపాడే గట్టి అడుగున్న, ముందు వెడల్పున్న చెప్పులు వేసుకోవాలి. మగ్గం తొక్కేటప్పుడు కూడా.

అక్కడే బాపు లేచి నిలబడ్డాడు. "మగ్గం కాడికి చెప్పులా? అన్నం బెట్టే తల్లమ్మా అది!"

చెప్పులు కొన్నాం. ఇంటికి తెచ్చాక రెండు రోజులు డబ్బాలోనే ఉన్నాయి. బాపు వాటివైపు చూడలేదు, మగ్గమూ ఎక్కలేదు. మూడో రోజు శుక్రవారం. అమ్మ ఆ చెప్పులను పసుపునీళ్లతో తుడిచి, ఒక్కోదానికి కుంకుమబొట్టు పెట్టి, తీసుకెళ్లి గుంటలో పెట్టింది.

"కొత్త నాడెకు బొట్టు పెడ్తలేమా? ఇదీ పనిముట్టే. రోడ్డు తొక్కని చెప్పుకు మైలేంది?" అంది.

 బాపు దండం పెట్టి దిగి, చెప్పులు తొడుక్కున్నాడు. తువ్వాలు విప్పేశాడు. మొదట మెల్లగా, తడబడుతూ, తర్వాత పాత వరసలో చప్పుడు మొదలైంది. జానెడు నేశాక వంగి చూశాను. ఒక్క పోగూ తప్పలేదు.

ఉండబట్టలేక అడిగాను. "నేను కండ్లద్దాలకు తీస్కపోయిన్నాడన్న కాలు నొప్పని చెప్పొద్దా బాపూ?"

ఆయన నాడెను ఆపలేదు. "కండ్లకైతే అద్దాలు తెస్తవ్. కాలంటే గుంట పూడుస్తవ్ గదా బిడ్డా."

గోడకు ఆనించిన టైల్స్ సరిగ్గా ఆయన ఎదురుగా ఉన్నాయి. నేస్తూ తలెత్తిన ప్రతిసారీ ఆయనకు కనబడేది అవే. వాటిని ఎత్తుకుని, ఆయన వైపు చూడకుండా బయటికి నడిచాను.