మా మామ తూకం

మా మామను శెనక్కాయల కాటా మీద కూర్చోబెట్టి తూచిన సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వనీ. ఆ మూడు నెలలు నేను పడ్డ పాట్లు నాకు తెలుసు.

మామ అంటే నా మొగుడే. మా అమ్మకు సొంత తమ్ముడు. పుట్టినప్పటి నుంచి 'మామా' అని పిలిచిన నోరు పెళ్ళయినంత మాత్రాన ఎందుకు మారుతుంది? ఆ లెక్కన మా అత్త నాకు అవ్వే. ధర్మవరంలో మగ్గాల వీధిలో మా ముగ్గురికీ ఒక ఇల్లు, ఒక మగ్గం. ముందు గదిలో నడుం లోతు గుంత ఉండేది. మామ అందులోకి కాళ్ళు దించి గట్టు మీద కూర్చుని నేసేవాడు. నేను పక్కన కూర్చుని పట్టుదారం కండెలకు చుట్టేదాన్ని. మా వీధిలో ఏ మగ్గం చప్పుడు ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలం. మామది నిదానంగా, బరువుగా ఉండేది.

కిలోలు కొత్తగా వచ్చిన కాలమది. ఆ ఏడు వానలు పడాల్సిన రోజుల్లో వానలు రాలేదు గానీ మామకు విషజ్వరం వచ్చింది. అనంతపురంలో ఆస్పత్రిలో నెల రోజులు పెట్టుకున్నారు. ఇంటికి వచ్చేటప్పటికి మనిషి సగమయ్యాడు. చొక్కా తొడిగితే కొయ్యకు తగిలించినట్టు వేలాడేది. పంపేముందు డాక్టరు నన్ను పిలిచి చెప్పాడు. పేగు ఇంకా పచ్చిగా ఉందట. మగ్గంలో నేసిన బట్ట చుట్టుకునే దోనె కడుపుకు ఒత్తుకుంటుంది కాబట్టి, యాభై కిలోల బరువు వచ్చేదాకా మగ్గంలో దిగొద్దన్నాడు. మామ ఆ యాభైని మంత్రంలా పట్టుకున్నాడు.

ప్రతివారం అనంతపురం పోయి తూయించుకోవడం మాతో అయ్యే పని కాదు. మాకు దగ్గర్లో ఉన్న కాటా అంటే శెనక్కాయల మండీలోదే. సోమవారం సోమవారం మామను తీసుకుపోయి ఆ ఇనప పలక మీద కూర్చోబెట్టేదాన్ని. కాటా వేసే అన్న మూటలకు పాడినట్టే రాగం తీసి పాడేవాడు. "నలభై రెండూ... నలభై రెండూ!" హమాలీలు చుట్టూ చేరి ఎగతాళి. "ఏమన్నా, ఈ మూటలో గింజ ల్యాదప్పా, అంతా పొట్టే!" మామ కూడా నవ్వేవాడు. మొదట్లో.

నేను ఊరికే ఉన్నానా? రాగి సంగటి మెత్తగా కెలికి, ఉలవకట్టు పోసి, గుడ్డు ఉడకబెట్టి, ఆయన వద్దంటున్నా వినకుండా ముద్ద మీద ముద్ద పెట్టాను. నలభై రెండు నలభై నాలుగైంది. తర్వాత నలభై ఆరు, నలభై ఏడు. ఆ నలభై ఏడు దగ్గర ఆగిపోయింది చూడండి, అక్కడి నుంచి నాలుగు సోమవారాలు కదల్లేదు. "నలభై ఏడూ... నలభై ఏడూ!" ఆ రాగం వింటే నాకు ఒళ్ళు మండేది.

నాకు నా లెక్కలు వేరే ఉన్నాయి. మా ఇంటి నుంచి వీధి చివర కొళాయి దాకా పదమూడు అరుగులు. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో మామ ఆ దూరం నడవడానికి ఐదు అరుగుల మీద కూర్చున్నాడు. పదిహేను రోజులకు అది మూడయింది. ఇంకో నెలకు ఎక్కడా కూర్చోకుండా, పైగా పక్కింటాయనతో మాట్లాడుకుంటూ పోయాడు. దండచేతికి కట్టిన తాయెత్తు జ్వరంలో మోచేతి దాకా జారింది. దాన్ని రోజూ చూసేదాన్ని. అది మెల్లగా పైకెక్కి, ఒకరోజు లాగినా కదలకుండా నిలబడింది. అవ్వకు చెవుడు. జ్వరం తగ్గిన కొత్తలో మామ మూడుసార్లు పిలిస్తే గానీ ఆమెకు వినబడేది కాదు. ఇప్పుడు ఒక్క కేకకు పెరట్లోంచి పరిగెత్తి వస్తోంది. అన్నిటికంటే పెద్ద గుర్తు, నాతో పోట్లాడే ఓపిక రావడం. ఉలవకట్టులో ఉప్పు జాస్తయిందని గిన్నె తోసేసిన రోజు నేను లోపలికి పోయి సంతోషంతో ఏడ్చాను.

ఇవన్నీ చెబితే మామ వినేవాడా?

"అదంతా నీ కండ్లకు కనపడేదిలే. కాటా అబద్ధం చెప్తాదా?"

"కాటా నువ్వు నడిచేది చూసిందా మామా? నీ కేక వినిందా?"

"నీకు తెలీదు, ఊరికే ఉండు."

నాలుగో సోమవారం ముందురోజు ఆయన తిండి దగ్గర కూర్చుని, చల్లగా, పంచె ఉతకమన్నంత మామూలుగా ఒక మాటన్నాడు. "రేపు గూడా యాభై రాకపోతే గుంత పూడ్చేస్తా. గుత్తికి పోయి బావ అంగట్లో పొట్లాలు కట్టుకుంటా." బావ అంటే మా నాయన. అవ్వకు వినబడలేదు. నేను మాత్రం చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాను. మగ్గం అమ్ముకున్నవాళ్ళు మళ్ళీ కొనుక్కున్నారు గానీ, గుంత పూడ్చిన ఇంట్లో మగ్గం తిరిగి లేవడం మా వీధిలో ఎవరూ చూడలేదు. మామ తొమ్మిదో ఏట నుంచి నేస్తున్న మనిషి. అంగట్లో పొట్లాలు కడుతూ కూర్చున్న మామను నేను తలుచుకోలేకపోయాను.

మర్నాడు కాటా మళ్ళీ నలభై ఏడే పాడింది. మామ దిగి ఇంటి దారి పట్టాడు. నాకు తిక్క రేగి అక్కడే నిలబడిపోయాను. ఎవరినైనా నాలుగు తిట్టి పోదామని. ఇంతలో పలక మీద ఒక మూట పడింది. నేను ఐదో తరగతి దాకా చదివాను, అంకెలు తెలుసు. కాటా కమ్మి మీద అరవై రెండు నిలిచింది. కాటా వేసే అన్నేమో "యాభై తొమ్మిదీ" అని పాడాడు.

"ఏమన్నా, అరవై రెండు గదా ఆడ?"

"తరుగు పోవద్దా అక్కా? గోతానికి ఒకటి, మట్టికి ఒకటి. ఇప్పుడు కాయ తడిగా వస్తాండాది, మూడు వారాల నుంచి తడికి ఇంకొకటి."

నేను పలక దగ్గరికి పోయాను. "మా మామకు గూడా తీసినావా?"

ఆయన నోరు తెరిచాడు. హమాలీలు మూటలు దించేసి మా వైపు తిరిగారు. "చెయ్యి ఆడ కమ్మి మీద ఉంటాది, నోరు దానంతట అదే తీసేస్తాదక్కా," అన్నాడు పాపం, చెవులు ఎర్రబడిపోయి. "ఇరవై ఏండ్ల అలవాటు."

"మా మామకు గోతం యాడుండాది? తడి యాడుండాది?" అని అరిచానే గానీ, అరుస్తూనే వేళ్ళ మీద లెక్క వేసుకుంటున్నాను. నలభై ఏడుకు మూడు కలిపితే సరిగ్గా యాభై! కొంగు నడుముకు చుట్టి ఇంటికి పరిగెత్తాను. ఆ ఎండలో నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయాసపడుతూ అంతా చెప్పాను. విని, నా మొహం చూసి, "నువ్వు బతిమాలింటావు, వాడు చెప్పింటాడు," అన్నాడు.

"నేనా? వాణ్ణా? సరే, రేపే రైలెక్కి ఆస్పత్రికి పోదాం పా. ఆడ తూయించుకో."

"రాను."

"ఎందుకు రావు?"

"రానంటే రానంతే!"

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాకేమీ అర్థం కాలేదు. యాభై కావాలని కొట్టుకున్న మనిషి, యాభై వచ్చిందంటే మొహం తిప్పుకోవడమేంటి? బేజారెత్తిపోయి పెరట్లో కూర్చున్నాను.

మర్నాడు పొద్దున నేను కొళాయి నుంచి బిందెతో వచ్చేటప్పటికి మామ మట్టి మోస్తున్నాడు. వీధి మలుపులో కూలిన గోడ మట్టి కుప్పగా పడి ఉండేది. గంపకు ఎత్తుకుని, తల మీద పెట్టుకుని, గడప దాటి తెచ్చి గుంతలో పోస్తున్నాడు. అవ్వ గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేను బిందె కింద పడేసి కాళ్ళకు అడ్డం పడ్డాను. "మామా, వద్దు మామా, నీ కాళ్ళు పట్టుకుంటా." నన్ను తప్పించుకుని పోయాడు. తిట్టాను. ఆయన్నీ, కాటావాణ్ణీ, వచ్చిన జ్వరాన్నీ, కూలిన గోడనూ అన్నిటినీ తిట్టాను. గంప ఆగలేదు.

తిట్టి తిట్టి నా గొంతు పోయింది గానీ, ఆయనకు ఆయాసం రావడం లేదు. అది మొదట నా మనసుకు ఎక్కలేదు. అప్పటికి నా కళ్ళ ముందే ఆరో గంపో ఏడో గంపో. మలుపు నుంచి మా ఇంటికి ఎత్తు. ఆ ఎత్తు మీద, తల మీద గంపతో, ఎక్కడా ఆగకుండా, ఒక్క అరుగు మీద కూర్చోకుండా వస్తున్నాడు. నేను ఏడుపు ఆపి లెక్క పెట్టడం మొదలుపెట్టాను. అవ్వ నా చెయ్యి లాగింది. "ఏమ్మే, ఆపవేమే వాణ్ణి?" ఆమె చెవిలో గట్టిగా చెప్పాను. "ఉండవ్వా, పొయ్యనీ."

ఇంకోటి కూడా కనబడింది. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. జ్వరం వచ్చిన రోజు వదిలేసిన పడుగు. మట్టి పోయడానికి ముందు మామ దాని మీద ఉతికిన దుప్పటి కప్పి, అంచులు నాలుగు వైపులా జాగ్రత్తగా దోపాడు. మగ్గం వదిలేసేవాడికి పట్టు మీద దుమ్ము పడితేనేం?

పదిహేడో గంప పోసేటప్పటికి గుంత సగం నిండింది. నేను పోయి గుంతకు అడ్డంగా కూర్చున్నాను.

"ఎన్ని గంపలు మోసినావు మామా?"

"ఏమో, ఎవరు లెక్క పెట్టినారు?"

"నేను పెట్టినా. వచ్చినాక నేను చూసిందే పదిహేడు. ఒక్కసారన్నా కూచ్చోలేదు నువ్వు. కూలిమనిషి గూడా పదికి ఒకసారి బీడీ ముట్టించుకుంటాడు. ఇప్పుడు చెప్పు, నీకు బలం ల్యాదా?"

మామ గంప చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తన చేతులు చూసుకున్నాడు. గుంతలో మట్టి చూశాడు. తర్వాత గట్టు మీద నా పక్కన కూలబడి, మట్టి చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"భయమే నాకు," అన్నాడు. "గుంతలో దిగినాక చేతులు ఆడకపోతే? దారం తెగి తెగి పోతే? వీధంతా వింటాది గదా. కాటా మీద యాభై రాకపోతే, దిగే పని ల్యాదని ఊపిరి పీల్చుకుంటాంటి ప్రతి సోమారమూ."

నాకు కోపం రాలేదు. రావాల్సింది, మూడు నెలలు నన్ను ఎంత ఏడిపించాడు! కానీ ఆ మట్టి మొహం చూస్తే నా మామ మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. తల మీద ఒక్కటి మొట్టి, "పోసినోడివే తియ్యి," అన్నాను.

ఇద్దరం కలిసి తీశాం. అవ్వ కూడా చాటతో ఒక చెయ్యి వేసింది.

మూడు రోజుల తర్వాత, కడుపుకూ దోనెకూ మధ్య నాలుగు మడతల బట్ట పెట్టుకుని మామ గుంతలో కాళ్ళు దించాడు. నేను చుట్టిన కండె చేతికిచ్చాను. మొదటి దెబ్బలు తడబడ్డాయి. దారం రెండుసార్లు తెగింది, రెండుసార్లూ ఆయనే ముడేసుకున్నాడు. పక్కింటి మగ్గం ఆగింది. ఎదురింటిదీ ఆగింది. వింటున్నారని మాకు తెలుసు. మామ చెవుల దగ్గర చెమట కారుతోంది గానీ చెయ్యి ఆపలేదు. కాసేపటికి ఆ చప్పుడు నిదానంగా, బరువుగా సర్దుకుంది. వీధిలో ఒక్కొక్క మగ్గమే మళ్ళీ మొదలైంది.

మధ్యాహ్నానికి ఆపి, వెనక్కి వాలి, "ఎంతైందో కొలువే," అన్నాడు.

ఆయన చెయ్యి పెద్దది. దాంతో కొలిస్తే జానెడు కూడా లేదు. నేను నా చిన్న చెయ్యి పరిచి కొలిచాను. "జానెడు మీద రెండు వేళ్ళు మామా," అన్నాను. మామ నా చెయ్యి చూశాడు, బట్ట చూశాడు, ఇంకో కండె ఇమ్మని చెయ్యి చాచాడు.